కోస్తేనే గుబురు

దేశంలో ఇకమీదట ఆకలి అనే మాట నిఘంటువులో మాత్రమే ఉంటుందనీ, వచ్చే ముద్రణలో అక్కణ్ణుంచి కూడా దాన్ని తీయించేస్తామనీ వంటింటి మొక్కల శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఇందుకోసం ప్రతి ఇంటి కిటికీలోనూ ప్రభుత్వం వారి కుండీ ఒకటి వెలుస్తుంది. అందులో కొత్తిమీరో, పుదీనాయో, మెంతికూరో పచ్చగా నవ్వుతూ ఉంటుంది. ఈ పథకానికి కిటికీ విప్లవం అని పేరు పెట్టారు. ఇదివరకటి విప్లవాలు వీధుల్లో వచ్చి జనాన్ని నానా ఇబ్బందీ పెట్టేవి. ఇది ఇంట్లోనే వస్తుంది కాబట్టి ట్రాఫిక్ ఆగదు.

ఒక విలేకరి లేచాడు. లోకజ్ఞానం బొత్తిగా లేని మనిషి. "సార్, జనం తిండిగింజలే కొనుక్కోలేకపోతున్నారు. వండుకోవడానికి ఏమీ లేనప్పుడు కొత్తిమీర దేనిమీద చల్లుకోవాలి?"

మంత్రిగారు జాలిగా నవ్వారు. "ముందు చల్లుకోనివ్వండి బాబూ. కింద ఏముందో తర్వాత చూద్దాం."

హాలంతా చప్పట్లు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఒక సన్నపాటి మనిషి మాత్రం చప్పట్లు మానేసి పెదవులు కదుపుతున్నాడు. ఆ ఒక్క జవాబూ తప్ప మంత్రిగారి ప్రసంగమంతా రాసింది అతనే. తను రాసిన ముక్క ఎక్కడైనా జారిపోతోందేమోనని పంతులు పిల్లాడి పద్యం విన్నట్టు వింటున్నాడు.

అతన్ని ఆఫీసులో అందరూ డ్రాఫ్టు అంటారు. ప్రసంగాల డ్రాఫ్టులు రాస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు, పదకొండేళ్లుగా టెంపరరీగానే ఉన్నాడు కాబట్టి వచ్చిందని కొందరు. ఏటా ఒకరోజు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు మళ్లీ వేసుకుంటారు. మధ్యలో అలా ఒక రోజు తెగితే పర్మనెంటు చెయ్యక్కర్లేదని రూలు. ఆ ఒక్కరోజూ డ్రాఫ్టు ఇంట్లో గడ్డం గీసుకోడు, గట్టిగా దగ్గడు, టీవీలో ఏ ఛానల్ పెట్టాలో కూడా చెప్పడు. రాసిందల్లా ఫెయిరయింది గానీ రాసినవాడికి మాత్రం ఆ యోగం పట్టలేదు.

ఇన్నాళ్లకి అతన్ని పర్మనెంటు చేసే ఫైలు కిందా మీదా పడి మంత్రిగారి బల్ల దాకా చేరింది. ఇక ఒక్క సంతకం. మంత్రిగారు ఎప్పుడు ఎదురుపడ్డా "నీ ఫైలు నా కళ్లముందే ఉందయ్యా" అనేవారు. అందులో రవ్వంత కూడా అబద్ధం లేదు. బల్లమీద పుదీనా కుండీలోంచి నీళ్లు కారకుండా అడుగున పెట్టింది ఆ ఫైలునే.

ఆ పుదీనాతోనే ఇప్పుడు చిక్కొచ్చి పడింది. మంత్రిగారి గదికి సెక్యూరిటీ కోసం తెరలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఏసీ పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. ఇంత రాజభోగంలో ఉండి కూడా మొక్క ఒకటే కాడగా, జ్వరం పడి లేచిన మనిషిలా పీలగా సాగింది. చివర నాలుగంటే నాలుగాకులు. ఈలోగా, ప్రభుత్వానికి పెద్ద తలకాయ, అందరూ పెద్దాయన అని పిలుచుకునే ఆయన, స్వయంగా ఈ గదికే వచ్చి ఈ కుండీతోనే విప్లవాన్ని ప్రారంభిస్తారని కబురొచ్చింది.

మంత్రిగారు కుండీ చుట్టూ తిరిగారు. "ఇదేంటయ్యా, విప్లవం ఇంత బక్కగా ఉంది?"

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. "ఉద్యానశాఖని అడిగాం సార్. గదిలో పెరిగేది మొక్క కాదు, అలంకరణ సామగ్రి అన్నారు. అలంకరణ విభాగాన్ని అడిగితే, ప్రాణమున్న వస్తువులు మా పరిధిలోకి రావన్నారు."

"కాస్త ఎండలో పెడితే..." అన్నాడు డ్రాఫ్టు నసుగుతూ.

"తెర తియ్యడానికి సెక్యూరిటీవాళ్లు ఒప్పుకోవట్లేదు. ఎండ బయటినుంచి వస్తుంది కదా, దాన్ని గేటు దగ్గర తనిఖీ చెయ్యడం కుదరదట."

మంత్రిగారు డ్రాఫ్టు భుజం తట్టారు. "నువ్వు చూసుకో డ్రాఫ్టూ. మొక్క గుబురైందా, నీ ఫైలు కదులుతుంది. ఎండిందా... పాపం, ఫైలుకేం, ఎక్కడుందో అక్కడే ఉంటుంది."

డ్రాఫ్టు ఇంటికెళ్లి భార్యని అడిగాడు. ఆవిడ పెద్దాసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సు. ఆవిడది పర్మనెంటు ఉద్యోగం. ఇల్లు ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉందని అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు, ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తరు. డ్యూటీనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే వంటింటి కిటికీలో పాత డబ్బాల దగ్గరికి వెళ్లడం ఆవిడకి అలవాటు. పుదీనా ఆ డబ్బాలు దాటి, గట్టు దాటి, గిన్నెల బుట్టలోకి కూడా పాకింది.

"మీరు కొసలు తుంచుతున్నారా?" అని అడిగింది.

"ఉన్నవే నాలుగాకులు. అవి కూడా తుంచితే మంత్రి నన్ను తుంచుతాడు."

"అదే మరి మీ తెలివి!" ఆవిడ ఒక రెమ్మని గోటితో టప్పున తుంచింది. "ఇదిగో, ఇక్కడ, ఆకుల జంటకి పైన. ఒకటి తుంచితే ఆ చోట రెండు కొమ్మలొస్తాయి. కోస్తేనే గుబురు."

"కోస్తేనే గుబురు," అని డ్రాఫ్టు మురిసిపోయాడు. మాటల మీద బతికేవాడికి మాట దొరికితే నక్క తోక తొక్కినట్టే. "భలే ఉందే!"

"అలాగని ఎడాపెడా కోసిపారేయకండి. మూడోవంతు దాటి ముట్టుకోకూడదు. ఎండా నీళ్లూ అందాలి. వేరు జోలికి అసలు పోకూడదు. విన్నారా?"

విన్నాడు. విన్నదంతా మర్నాడు ప్రసంగంలో పొల్లుపోకుండా రాశాడు కూడా. సెక్రటరీగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఇంత పొడుగు వాక్యమా? చివరికొచ్చేసరికి మంత్రిగారు మొదలు మర్చిపోతారు. 'కోస్తేనే గుబురు' చాలు. ఎండా, నీళ్లూ, వేరూ అంటూ ఈ తోకలన్నీ ఎందుకు?" ఎర్రసిరాతో తోకలన్నీ కొట్టేశారు. "చూశావా, కోసేసరికి వాక్యానికి ఎంత బలమొచ్చిందో!"

మంత్రిగారు కోతలు కోయడంలో మొదట్నుంచీ దిట్టే. కాకపోతే ఆ విద్యకొక సిద్ధాంతం దొరకడం ఇదే మొదలు. కేబినెట్ సమావేశంలో ఆయన పుదీనా గురించి ఆ మాట అనగానే ఆర్థికమంత్రిగారి కళ్లు చెమర్చాయి. పాపం ఆయన ఏళ్ల తరబడి కోస్తూనే ఉన్నారు. ఎందుకు కోస్తున్నారో చెప్పుకోవడానికి సరైన మాట లేక ఊరందరి చేతా తిట్లు తిన్నారు.

"మళ్లీ అనండి!" అన్నారాయన.

"కోస్తేనే గుబురు."

"పుదీనాకేనా, అన్నిటికీనా?"

మంత్రిగారు వెనక కూర్చున్న డ్రాఫ్టు వంక చూశారు. డ్రాఫ్టు, మంత్రిగారు కుండీతో సహా వెంట తెచ్చుకున్న తన ఫైలు వంక చూస్తున్నాడు. "అన్నిటికీ," అన్నారు మంత్రిగారు. "అసలు శాఖ అంటే ఏంటండీ? కొమ్మే కదా! కొమ్మన్నాక కోస్తేనే కదా ఉపశాఖలు పుట్టేది!"

పెద్దాయన బల్లమీద చరిచారు. మీరు నమ్మరు గానీ, ఒక్క మొక్కకి చెప్పిన వైద్యం యావద్దేశానికీ సరిపోయింది.

మొట్టమొదట బళ్లలో పంతుళ్లని కోశారు. ఒకరిని కోసిన చోట ఇద్దరు వస్తారు కాబట్టి, వచ్చేదాకా పిల్లలు కాస్త ఓపిక పట్టాలని సర్క్యులర్ పంపారు. తర్వాత బస్సుల్ని కోశారు. తర్వాత ముసలివాళ్ల పెన్షన్ని సగానికి కోశారు. పెన్షనర్లు కొందరు కర్రలు పొడుచుకుంటూ మంత్రిగారి గదికొచ్చారు.

"అయ్యా, మా పెన్షన్ సగమైపోయింది."

"సగమవలేదు తాతగారూ, చిగురుపెట్టే దశలో ఉంది."

"చిగురు ఎప్పుడొస్తుందండీ?"

"అలా తొందరపడి ఊరికే చూస్తుంటే రాదు. చూపు తగలకుండా పక్కకి వెళ్లాలి."

ఆ పెద్దమనుషులు నిజంగానే పక్కకి వెళ్లారు. చిగుళ్లు ఎక్కడెక్కడ వస్తున్నాయో కనిపెట్టడానికి మాత్రం ప్రభుత్వం ఒక పర్యవేక్షణ కమిటీ వేసింది. దానికి కార్లు, కార్లకి డ్రైవర్లు, కమిటీకి ఒక ఉపకమిటీ వచ్చాయి. సిద్ధాంతం తప్పని ఎవరూ అనకుండా ఆ ఒక్క చోట మాత్రం నిజంగానే గుబురైంది.

డ్రాఫ్టుకి మంచి రోజులొచ్చాయి. కారిడార్లో అధికారులు ఎదురొచ్చి "మీ వాక్యం అమోఘమండీ" అనేవారు. మొదట్లో అతను కుండీని వేళకి తుంచి, నీళ్లు పోసి, పది నిమిషాలు కారిడార్ ఎండలో పెట్టి తెచ్చేవాడు. మొక్క నిజంగానే రెండు మూడు కొమ్మలు వేసింది. కానీ కోత ఇప్పుడు ప్రభుత్వ విధానమైపోయింది కదా. గదిలోకి వచ్చిన ప్రతి అధికారీ విధానం మీద తనకున్న భక్తి చాటుకోవడానికి జేబులోంచి చిన్న కత్తెర తీసి, ఒక రెమ్మ కత్తిరించి, మంత్రిగారికి నమస్కారం పెట్టి మరీ కూర్చునేవాడు. కత్తెర తేనివాడిని కాస్త అనుమానంగా చూసేవారు.

ఒకనాడు డ్రాఫ్టు ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే కూలబడి ఉంది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"మా వార్డులో సిస్టర్లని కోశారండీ," అంది. "నేనూ, ఒక ఆయా మిగిలాం. ఇవాళ ఒక పిల్లాడు జ్వరంతో నా కొంగు పట్టుకుని వదలడు. పక్క మంచం మీద పిల్ల వాంతులు. ఆ చివర ఇంకెవరో ఏడుస్తున్నారు. ఎవరి దగ్గరికని పరిగెత్తను? కోసిన చోట ఇద్దరిద్దరు వస్తారని సర్క్యులర్లో రాశారుగా, ఎప్పుడొస్తారని సూపరింటెండెంటుని అడిగితే, నీళ్లు పోస్తూ ఉండమన్నాడు."

డ్రాఫ్టు చెప్పులు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఏ దౌర్భాగ్యుడు రాశాడో ఆ మాట! వాడి చేతులు పడిపోను, వాడి నోట్లో మన్ను పడ!" అంది ఆవిడ. డ్రాఫ్టు లోపలికెళ్లి కంచం పెట్టుకుని, ఆ నోటితోనే గుడ్లప్పగించి తినడం మొదలుపెట్టాడు.

టీవీలో మంత్రిగారు కనబడ్డారు. ఈ సిద్ధాంతం మీకెలా తట్టిందని ఎవరో అడిగారు. "మా ఇంటావిడ చెప్పిందండీ," అన్నారు మంత్రిగారు సిగ్గుపడుతూ. "కిటికీ దగ్గర పుదీనా తుంచుతూ, ఒకటి తుంచితే ఆ చోట రెండొస్తాయి, కోస్తేనే గుబురు అంది. ఆడవాళ్ల తెలివిని మా ప్రభుత్వం ఎప్పుడూ గౌరవిస్తుంది."

నర్సు టీవీ వంక చూసింది. తర్వాత కిటికీ వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. డ్రాఫ్టు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు.

"ఆ మాట నాదండీ," అంది నెమ్మదిగా.

"అంతా రాశాను. ఎండా, నీళ్లూ, వేరూ... ఒట్టు, నీ మీద ఒట్టు. సెక్రటరీ కొట్టేశాడు."

"కొట్టేస్తే మళ్లీ రాయలేరూ?"

"రాస్తా. పెద్దాయన వచ్చే రోజు ప్రసంగంలో రాస్తా. ఈ ఒక్క సంతకం కానివ్వు. పర్మనెంటైతే నా మాటకి విలువుంటుంది. అప్పుడు ఎవడికీ భయపడక్కర్లేదు."

పదకొండేళ్లుగా ఆ సంతకం కోసం ఈ మనిషి ఎలా నలిగిపోయాడో ఆవిడే చూసింది. అందుకే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

పెద్దాయన వచ్చే రోజు రానే వచ్చింది. డ్రాఫ్టు వేరు గురించి రాసిన పేరాని సెక్రటరీగారు పొద్దున్నే కోసేశారు. అది మామూలే. అసలు ప్రమాదం వేరే ఉంది. ముందురోజు సాయంత్రం శాఖలో భక్తులంతా ఆఖరిసారిగా తలో కత్తెరా వెయ్యడంతో కుండీలో మట్టి తప్ప మరేమీ లేదు. మట్టిలోకి కూడా ఎవరో కత్తెర గుచ్చి చూశారు.

"మొక్క ఏదయ్యా?" అన్నారు మంత్రిగారు. ఆయన మొహం కూడా మట్టి రంగుకొచ్చింది.

"గంటలో తెస్తాను సార్," అన్నాడు డ్రాఫ్టు, ఇంటి కిటికీని తలుచుకుని.

ఆఫీసు కారులో ఇంటికి పరిగెత్తాడు. భార్య డ్యూటీకి బయల్దేరుతోంది. విషయమంతా ఒక్క గుక్కలో చెప్పాడు. "ఒక్క డబ్బా ఇవ్వవే. నా బతుకు నీ చేతిలో ఉంది."

నర్సు తలాడించింది. అన్నిట్లోకీ గుబురైన డబ్బాని కిందికి దించింది. కూరల కత్తి తీసుకుంది. అతను వద్దు వద్దంటున్నా వినకుండా, మట్టి మట్టంగా, ఒక్కాకు మిగల్చకుండా చరచరా కోసేసింది. ఆకులన్నీ చీర కొంగులో పోసుకుంది.

"మీ విధానం ప్రకారమే ఇస్తున్నా. ఇక ఇంతకన్నా గుబురయ్యేది లేదు. వేరు బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకపోతే మళ్లీ వస్తుంది. పట్టుకెళ్లండి."

ఆవిడ డ్యూటీకి వెళ్లిపోయింది. డ్రాఫ్టుకి ఏడుపొక్కటే తక్కువ. అయినా వేరైనా ఉన్న డబ్బా వేరు లేని కుండీ కన్నా నయమని దాన్నే వొళ్లో పెట్టుకుని వెళ్లాడు.

మంత్రిగారు దాన్ని చూసి నెత్తి పట్టుకునే లోపే తలుపులు తెరుచుకున్నాయి. పెద్దాయన లోపలికి వచ్చారు, వెనక కెమెరాలు, వాటి వెనక మిగతా ప్రభుత్వం. పెద్దాయన బల్లమీద డబ్బాని చూశారు. అటు తిరిగి చూశారు, ఇటు తిరిగి చూశారు.

"అద్భుతం," అన్నారు. "ఎన్నో శాఖలు చూశాను. ఇంత సంపూర్ణమైన కోత ఎక్కడా చూడలేదు."

చప్పట్లు మోగాయి. ఆర్థికమంత్రిగారు మళ్లీ కళ్లు తుడుచుకున్నారు. ఎవరో వెండి పళ్లెంలో బంగారు కత్తెర తెచ్చారు. పెద్దాయన కత్తెర తీసుకుని కెమెరాల వైపు నవ్వి, డబ్బాలోకి వంగి, చిన్న చిక్కులో పడ్డారు. కొయ్యడానికి ఏమీ లేదు. కెమెరాలు మాత్రం ఎదురుచూస్తున్నాయి. ఆయన కత్తెర మొనతో మట్టి కాస్త కెలికారు.

"ఇదేంటి, తెల్లగా కనబడుతోంది?"

మంత్రిగారు సెక్రటరీ వంక చూశారు. సెక్రటరీ డ్రాఫ్టు వంక చూశారు. డ్రాఫ్టు నోరు తెరిచాడు. అది వేరని అతనికి తెలుసు. వేరన్న రెండక్షరాలూ నాలుక చివరే ఉన్నాయి. మంత్రిగారి చెయ్యి నెమ్మదిగా జరిగి, నీటి మరకల ఫైలు మీద ఆగింది. రెండో చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

"అది... కింది కొమ్మండీ," అన్నాడు డ్రాఫ్టు.

"కొమ్మన్నాక కొయ్యాలి కదా!" అని పెద్దాయన నవ్వి, కత్తెర లోపలికంటా పెట్టి కచక్కున కోశారు. ఫొటోలు చాలా బాగా వచ్చాయి.

ఆ సాయంత్రమే మంత్రిగారికి ఇంకో పెద్ద శాఖ, ఆరోగ్యశాఖ కూడా ఇచ్చారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. లేస్తూ లేస్తూ సంతకం పెట్టి, ఆర్డరు టైపు చేయించి, స్వయంగా డ్రాఫ్టు చేతికిచ్చారు. డ్రాఫ్టు అందులో తన పేరూ, ఆ పక్కన పర్మనెంటు అనే మాటా చూశాడు. అక్కణ్ణుంచి అక్షరాలు అలుక్కుపోయి ఇక చదవలేకపోయాడు. మిఠాయి పొట్లం కొనుక్కుని ఇంటికెళ్లాడు.

ఆ వేళకి డ్యూటీలో ఉండాల్సిన భార్య వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. అన్నేసి తిట్లు తిట్టినావిడ ఇప్పుడు తిట్టడం లేదు.

"ఆర్డరొచ్చిందా?" అంది.

"వచ్చింది!" అన్నాడు. "పర్మనెంటు. ఇక ఆ దిక్కుమాలిన ఒక్కరోజు ఉండదు. నువ్వేమీ అనకు, రేపట్నుంచి నేను..."

"మంచిదండీ. నాకూ వచ్చింది."

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి కాయితం తీసి అతని కాయితం పక్కన గట్టు మీద పెట్టింది. రెండిటి మీదా ఒకటే నంబరు. ఒకటే తేదీ. ఒకటే సంతకం. డ్రాఫ్టు వంగి మొదట్నుంచీ చదివాడు. 'పెద్దాసుపత్రి పిల్లల వార్డు నందు మిగిలియున్న నర్సు పోస్టు ఒకటి కోయడమైనది. కోసిన చోట, ప్రభుత్వ విధానము ననుసరించి, ప్రసంగముల విభాగమున రెండు పర్మనెంటు పోస్టులు చిగురించినవి. వాటిని ఈ క్రింది వారితో నింపడమైనది.' అలవాటు కొద్దీ అతను అందులో ఒక అచ్చుతప్పు కూడా పట్టుకున్నాడు.

నర్సు ఆ వాక్యాన్ని వేలు పెట్టి మరోసారి చదివింది. ఆవిడ కళ్లలో నీళ్లు లేవు.

"వార్డులో ఇప్పుడు ఆయా ఒక్కతే ఉందండీ," అంది. "రెండు పోస్టులన్నారు. ఒకటి మీరు. రెండో ఆయనెవరు?"

డ్రాఫ్టు కింది పేరు చూశాడు.

"మంత్రిగారి బావమరిది," అన్నాడు.